కాముని మంటలో కాలని పేరు

ల్యాబు కంప్యూటర్ డిస్కు హోలీ కాముని మంటలో కాలిపోయిందనడానికి సగం కల్వకుర్తి సాక్షి. కాలిపోయిన డిస్కుకు నోరొచ్చి ఫోన్లు చేస్తోందనడానికి మాత్రం బిక్షమ్మ ఒక్కతే.

"మొదటి నుంచి చెప్పు," అన్నాడు యోహాను.

బస్టాండు పక్కన రేకుల డబ్బాలో చాయ్ కాచి అమ్ముకునే మనిషి బిక్షమ్మ. లారీ నడిపే మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఆ స్టవ్వు, ఆ డబ్బా, డబ్బా కింద మొగుడు కొన్న కాస్త జాగా. మిట్ట మధ్యాహ్నం ఎండకు బస్సులు లేవు, బేరాలూ లేవు. అయినా ఆమె గొంతు తగ్గించే మాట్లాడింది.

"హోలీ పోయినంక వారానికి, అన్నా. ఎదురుంగ మక్సూదు ఎస్టీడీ డబ్బా ఉన్నది సూడు, ఆడికెల్లి కేకేసిండు, నీకు ఫోనొచ్చిందని. నాకెవలు జేస్తరు ఫోను? మోత్కూర్ల మా చెల్లెకేమన్న ఆయెనా అని ఉరికిన. 'నీ రక్తంల ఏమున్నదో నాకెర్కే' అన్నడు. ల్యాబుల నాకిచ్చిన నంబరు గూడ చదివిండు. గా నంబరు నాకు, డాక్టరు సాబుకు తప్ప ఎవలికెర్క?"

"ఏమడిగిండు?"

"జాగా. ఉగాది లోపల డబ్బా లేపుకొని పొమ్మన్నడు. పోకుంటె నా రిపోర్టు బస్టాండు గోడకు అంటిస్తడంట. శ్రీశైలం రోడ్డు పెద్దగైతాందని గీ జాగాల మీద అందరి కండ్లు పడ్డయి. జాగా పోతె పాయె అనుకుంటనన్నా. కని గోడకు అంటిచ్చినంక నా చేతి చాయ్ ఎవలు తాగుతరు? ఏ ఊరికి పోయి బతుకుత?"

"గొంతు ఎట్లున్నది?"

"నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టున్నది. మన దిక్కోడే గని, పట్నం నీళ్లు బాగనే తాగిండు."

నల్లగొండలో యోహాను ప్రైవేటు డిటెక్టివ్. ఆ మాట వినడానికి గొప్పగా ఉంటుంది కానీ చేతికొచ్చే పనంతా పారిపోయిన మొగుళ్లను వెతకడం, దొంగిలించి అమ్మేసిన బర్రెలను పట్టుకురావడం. బిక్షమ్మ చెల్లెలి మొగుణ్ని అలాగే ఒకసారి చెవి పట్టుకుని మోత్కూరుకు తెచ్చి అప్పజెప్పాడు. ఆ నమ్మకంతోనే ఆమె కబురు పంపింది. వచ్చాక దాచుకోకుండా, పరీక్షలో తనకున్నదని తేలిన జబ్బు పేరు కూడా చెప్పింది. తొంభై ఎనిమిదో సంవత్సరంలో ఆ జబ్బు పేరు సొంత తల్లికి చెప్పడానికి కూడా జనం వణికేవారు.

ఆమె గాజు గ్లాసులో చాయ్ పోసి ముందు పెట్టబోయింది. యోహాను సంచిలోంచి తన స్టీలు గ్లాసు తీశాడు.

"దీంట్ల పొయ్యి బిక్షమ్మా."

ఆమె మొహం దించుకుని ఆ చాయ్‌ని స్టీలు గ్లాసులోకి వంచింది.

"గ్లాసుతోని అంటదన్నడన్నా డాక్టరు సాబు," అంది మెల్లగా.

నీ గ్లాసుకు కాదమ్మా, నా నోటికి భయపడుతున్నా అనాలనుకున్నాడు యోహాను. "నాకలవాటు," అని మాత్రం అన్నాడు. అబద్ధాలు పట్టుకోవడమే వృత్తిగా బతికే మనిషికి అబద్ధమాడటం ఇంత చేతకాకపోవడం విచిత్రమే.

"ఫోన్ జేసినోడు దొరికితె సాలదు," అన్నాడు లేస్తూ. "డిస్కు కాలకుంటె అది గూడ దొరకాలె. దొంగతోని డిస్కు గూడ పోలీసు కచేరీకి పోయిందంటె అందరి పేర్లు జనంల చదువుతరు. గది నా చేతికే రావాలె, దాంట్ల ఉన్నదంత నేనే చెరపాలె."

*

డాక్టర్ అబ్దుల్ హమీద్ ల్యాబు ముందున్న చెక్క బెంచీ యోహానుకు కొత్త కాదు.

నల్లగొండలో భార్య సలోమికి ఆపరేషన్ అయినప్పుడు బయట కొన్న రక్తం ఎక్కించారు. తర్వాత జ్వరం మీద జ్వరం వచ్చి, మనిషి నీడలా తయారై, కన్నుమూసింది. ఆఖర్లో జబ్బు పేరు చెప్పిన డాక్టరు, నువ్వు కూడా పరీక్ష చేయించుకో అన్నాడు. సొంత ఊళ్లో అయితే తెలిసినవాళ్లు చూస్తారని యోహాను ఇంత దూరం వచ్చి, ఇదే బెంచీ మీద కూర్చుని, తన పేరు చెప్పి రక్తమిచ్చాడు. రిపోర్టు కోసం మళ్లీ రాలేదు. ఏడాది దాటింది. మందులేని దానికి తెలుసుకుని ఏం చేయాలని ఒకరోజు, రేపు పోదాంలే అని ఇంకొకరోజు, అలా దాటేశాడు. అప్పటినుంచి ఒకరి గ్లాసు ముట్టడు, తన గ్లాసు ఒకరికివ్వడు. ఆదివారం చర్చిలో వెనక బెంచీలో విడిగా కూర్చుని, అందరికంటే ముందే లేచి వెళ్లిపోతాడు. ఒంటరిగా ఉందని చెప్పుకోవడానికైనా ఒక మనిషి కావాలి కదా, ఆ మనిషే లేదు.

అతని జవాబు ఈ లోకంలో రెండే చోట్ల ఉంది. ఒకటి అతని నరాల్లో, రెండోది ఆ డిస్కులో. బిక్షమ్మ కబురులో డిస్కు అన్న మాట వినగానే అతను పరుగెత్తుకొచ్చింది కేవలం బిక్షమ్మ కోసమే అంటే అది కూడా అబద్ధమే అవుతుంది.

డాక్టరు అతణ్ని గుర్తుపట్టలేదు. అరవై దాటిన మనిషి, రోజూ వందల చేతులు చూస్తాడు, మొహాలు తక్కువ చూస్తాడు.

"నా ల్యాబు నుంచి ఒక్క మాట బయటికి పోలేదు ఇన్నేండ్లల," అన్నాడు నొచ్చుకుంటూ. "కొత్త కంప్యూటర్ కొన్న. పాతది ఆత్మకూర్ల మా మేనల్లునికి ఇద్దామనుకున్న. ఫైళ్లన్ని డిలీట్ కొట్టిన. ఫికర్‌తోని ఫార్మాట్ గూడ కొట్టిన."

"సాలదని ఎవరు చెప్పిన్రు?"

"పర్వతాలు సాబ్. హైదరాబాద్ల డిటెక్టివ్. మా దోస్తు ఇంట్ల దొంగతనం పట్టిండు, గట్ల తెలుసు. 'డిలీట్ కొట్టుడంటె తలుపు మీద పేరు చెరిపినట్టు డాక్టర్ సాబ్, ఇంట్ల మనుషులు గట్లనే ఉంటరు, కొత్తోళ్లు దిగేదాంక' అన్నడు. దాని మీద మళ్లమళ్ల వేరేది రాసి నింపాలె, లేకుంటె డిస్కునే కాలవెట్టాలె అన్నడు. కాలవెట్టుడే మేలని ఆయన ఇంజనీరును తోలిండు. ఆ పిలగాడు డిస్కు ఊడదీసి, కాగితంల చుట్టి, సుతిలి తాడు కట్టి మా ఐలేశానికిచ్చిండు. ఐలేశం కాముని మంటల పడేసిండు. ఊరంత సూసిన్రు."

పర్వతాలు పేరు వినగానే యోహాను మొహంలో ఏదో కదిలింది. నల్లగొండ గడియార స్తంభం దగ్గర ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే గది, ఒకే టేబులు. ఒక చాయ్ తెప్పించుకుంటే సగం గ్లాసులో, సగం సాసర్లో. కోదాడ దిక్కు ఒక కేసులో యోహాను తల పగిలితే పర్వతాలు తన చొక్కా చింపి కట్టు కట్టి, రక్తమోడుతున్న మనిషిని వీపున వేసుకుని దవాఖానకు మోసుకెళ్లాడు. తర్వాత పట్నం పిలిచింది, పర్వతాలు వెళ్లాడు. సలోమి చావుకు రాలేదు.

"ఇప్పుడు యాడున్నడు?"

"నేనే మళ్ల పిలిపిచ్చిన. లోపల ఐలేశాన్ని అడుగుతాండు."

*

అడగడమంటే ఏమిటో ఐలేశం చెంప చూస్తే తెలిసింది. వెనక గదిలో స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నాడు ఆ కంప్యూటర్ ఆపరేటరు. ఎదురుగా సఫారీ సూటులో, సెంటు వాసనతో పర్వతాలు.

"ఎన్నాళ్లకు!" అంటూ యోహాను చెయ్యి చాపాడు.

పర్వతాలు రెండు చేతులూ జోడించాడు. "నమస్తే యోహాను గారూ."

ఎప్పుడూ 'యోహానన్నా' తప్ప ఇంకో పిలుపు ఎరగని నోరది. డబ్బు చేస్తే మనిషికి చేతులు కూడా బరువెక్కుతాయి కాబోలనుకున్నాడు యోహాను. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని ఐలేశం వైపు తిరిగాడు.

"డిస్కు ఇంట్లనే కాలవెట్టక కామునికి ఎందుకు కొంచవోయినవ్ తమ్మీ?"

"ఇంట్ల కాలిస్తె ప్లాస్టిక్ వాసనకు మా అవ్వ తంతది సార్. కాముని మంటంత పెద్ద మంట యాడ దొరుకుతది? చెడ్డదంత దాంట్ల పడేస్తె పోతదంటరు గద."

"రాత్రి యాడ పెట్టినవ్?"

"అల్మారి మీద. మర్నాడు సందకాడ పొట్లం పొట్లమే తీసి మంటల ఏసిన."

"విప్పి సూసినవా?"

"లేదు సార్. దాంట్ల అందరి బతుకులున్నయి. విప్పుడంటె నాకు భయం."

పర్వతాలు నవ్వాడు. "భయమున్నోడు పేర్లన్ని నోటికి ఎట్ల నేర్చుకున్నడో? రిపోర్టులు టైపు కొట్టింది వీడే. డిస్కు బూడిదాయె. ఇంకేమున్నది? వీని నోరే మిగిలింది. సందేలకు ఒప్పుకుంటడు సూడండి."

"నేను చెప్పలే సార్, మా అవ్వ మీద ఒట్టు," అని ఐలేశం ఏడ్చేశాడు.

"డిస్కు కాలిందని ఏం రుజువు?" అన్నాడు యోహాను.

పర్వతాలు దానికోసమే ఎదురుచూస్తున్నట్టు జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులోంచి నల్లగా కాలిపోయిన డిస్కును చేత్తో తీసి బల్ల మీద పెట్టాడు. వేళ్లకంటిన మసిని గోడకు రాసుకుంటూ, "కాముని గద్దె కాడ బూడిదల తవ్వి తీసిన," అన్నాడు గర్వంగా.

యోహాను దాన్ని వెంటనే ముట్టుకోలేదు. "డాక్టర్ సాబ్, పాత కంప్యూటర్ ఖాళీ డబ్బా ఉన్నదా? ఇది దాంట్లకెల్లి తీసిందేనా సూడాలె," అనడిగాడు.

సామాన్ల గదిలో, పాత సీసాల వెనక ఉంది అది. మూత తీసి ఉంది. యోహాను మోకాళ్ల మీద కూర్చుని కిటికీ వెలుగు పడేలా దాన్ని తిప్పాడు. దుమ్ము తుడిచాడు. ఇనుప డబ్బా అంచు మీద చుక్కలు చుక్కలుగా ఏదో ఉంది. వేలితో తడిమితే తగిలింది. హమీద్. కీబోర్డు అడుగున హమీద్. లోపలి ఫ్యాను బిళ్ల మీద కూడా హమీద్.

"గీ పేర్లేంది?"

డాక్టరు కొంచెం సిగ్గుపడ్డాడు. "రిపేరుకు పంపితె లోపలి పార్టులు మార్చేస్తరని అందరు భయపెట్టిన్రు. అందుకని కొన్ననాడే స్టీలు సామాన్ల దుకాణపాయనను పిలిపిచ్చి, గిన్నెల మీద పేర్లు కొడతరు చూడండి, గా మిషన్‌తోని అన్నిటికి కొట్టిపిచ్చిన. కంప్యూటర్ అమ్మినోడు మొత్తుకున్నడు, డిస్కు ఖరాబైతదని. అయినా ఇనలేదు."

ఆ మిషన్ బుర్రుమని వణుకుతూ తిరుగుతుంటే, పెళ్లి బిందె మీద పేరు కొట్టించుకున్నట్టు ఈ పెద్దమనిషి కంప్యూటర్ పేగుల మీద పేరు కొట్టించుకోవడం తలచుకుని యోహానుకు నవ్వొచ్చింది. కానీ నవ్వు మధ్యలోనే ఆగింది.

"డిస్కుకు గూడ కొట్టిన్రా?"

"అన్నిటికంటె ముందు దానికే. స్క్రూలు బిగించే పక్కకు, చిన్న చిన్న అచ్చరాలు. ఐలేశమే తెచ్చిండు దుకాణపాయనను."

యోహాను వెనక గదికొచ్చి, కాలిన డిస్కును చేతిలోకి తీసుకున్నాడు. అంచు మీద కరుడుగట్టిన మసిని జేబు కత్తితో గీకాడు. పైన రేకు వంగిపోయినా, అడుగు దిమ్మ గట్టిగానే ఉంది. ఒక పక్క గీకాడు, ఏమీ లేదు. రెండో పక్క తిప్పేసరికి చిరిగిన రేకు అంచు బొటనవేలిని కోసింది. రక్తం చుక్క డిస్కు మీద పడింది.

"దూరం జరుగున్రి," అన్నాడు యోహాను కంగారుగా. ఎవరికన్నా ముందు తనే భయపడ్డాడు.

డాక్టరు తాపీగా దూది తెచ్చి చేతికిచ్చాడు. ఐలేశం కళ్లు తుడుచుకుంటూ చూశాడు. పర్వతాలు మాత్రం అప్పటికే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రక్తం తుడుచుకునే హడావుడిలో యోహాను దాన్ని చూశాడే తప్ప పట్టించుకోలేదు.

రెండు పక్కలా నున్నగా ఉంది. ఒక్క చుక్క లేదు.

"ఇది మీ డిస్కు కాదు డాక్టర్ సాబ్," అన్నాడు. "ఎవడో పాత డిస్కును మంటల ఏపిచ్చి, మీది ఎత్తుకపోయిండు."

"మంటల చెరిగిపోయి ఉండొచ్చు," అన్నాడు పర్వతాలు.

యోహాను సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి బల్ల మీద పెట్టాడు. అడుగంతా నల్లబడి ఉంది. దాని అంచు కింద చుక్కల అక్షరాలు: సలోమి. "దీన్ని ఏడాదిగ రోజు మంట మీద పెడుతున్న. పేరు చెక్కుచెదరలే. కొట్టిన చుక్క లోహంల గుంట పడ్డట్టు. దిమ్మ కరిగితెనే పోతది. దిమ్మ కరగలే."

"గ్లాసును రోజు మంట మీద ఎందుకు పెడ్తరు?" అన్నాడు డాక్టరు ఆశ్చర్యంగా.

"అలవాటు," అన్నాడు యోహాను రెండోసారి అదే మాట.

మాట అన్నాక ఒక్క క్షణం అతనికి ఈ డిస్కు మీద చుక్కలు లేకపోవడం చూసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. కాలిపోయిందని నమ్మి ఉంటే ఆ జవాబు కూడా కాలిపోయి ఉండేది. ఇప్పుడది ఎక్కడో బతికే ఉంది, ఎవరి చేతిలోనో.

పర్వతాలు తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. "శెభాష్ యోహాను గారూ. అయితే పని ఇంక సులువాయె. రాత్రంత పొట్లం ఎవరి అల్మారి మీద ఉన్నది? వీనిదే. మార్చింది వీడే. డిస్కు వీనింట్లనే ఉంటది. డాక్టర్ సాబ్, నాకు ఒక్కపూట టైమియ్యండి, కక్కిస్త."

"చుక్కలు కొట్టేటోణ్ని తెచ్చిందే ఐలేశం. చుక్కలున్నయని ఎరిగినోడు చుక్కల్లేని డిస్కును మంటల ఏస్తడా? మారింది పొట్లం కట్టకముందే. నీ ఇంజనీరు యాడున్నడు?"

"బొంబాయి పోయిండు."

"ఎప్పుడు?"

"హోలీ తెల్లారి. నౌకరీ దొరికింది, పోయిండు. అయితే ఏంది?" పర్వతాలు గొంతు పెరిగింది. "ఊళ్లల్ల బర్లు వెతుక్కునే మనిషివి, పట్నం ఏజెన్సీ మీద నింద ఏస్తున్నవా? నిన్నెవరు పిలిచిన్రు ఇక్కడికి?"

"నన్ను పిలిచినామెకు ఉగాది దాంకనే టైమున్నది. నీకు ఫీజు ఇచ్చేటాయనకు లేదు గా తొందర."

"తొందరపడి ల్యాబు పేరు బజారుల పెడతవ్. నీకు కేసు కంటె పేరు ముఖ్యం, ఎప్పుడు గంతే."

"నాకు పేరు ముఖ్యమైతె నీతోని పట్నం వస్తుంటి పర్వతాలూ. ఐలేశాన్ని ఇంటికి పంపు. ఇంకోసారి చెయ్యి చేసుకుంటె నేనూరుకోను."

డాక్టరు ఇద్దరి మధ్యకొచ్చి ఐలేశం భుజం పట్టుకుని లేపాడు. "పో బేటా, ఇంటికి పో," అన్నాడు. పర్వతాలుకు ఆ మాట నచ్చలేదు. విసురుగా జేబులోంచి తెల్ల రుమాలు తీసి, దాన్ని అడ్డం పెట్టుకుని బల్ల మీది డిస్కును ఎత్తి కవర్లో వేసుకున్నాడు.

"మసి అంటుతది," అన్నాడు ఎవరూ అడక్కముందే.

పర్వతాలు కారు హైదరాబాదు రోడ్డు పట్టింది.

*

పొద్దు వాలే వేళకు యోహాను బిక్షమ్మ డబ్బాకు తిరిగొచ్చాడు. డిస్కు కాలలేదని ఆమెకు చెప్పాడు. ఆమె స్టవ్వు మీద పాలు పొంగబోతుంటే దించి, మళ్లీ పెట్టింది.

"అయితె ఉగాదికి నేను ఊరిడువాల్సిందే," అంది.

"ఇంకా దినాలున్నయి. బొంబాయి పోయినోణ్ని పట్టుకుంట."

తన మాట తనకే పేలవంగా తోచింది. బొంబాయిలో కుర్రాణ్ని పట్టుకోవడమెప్పుడు, డిస్కు రావడమెప్పుడు. పైగా ఏదో లెక్క కుదరట్లేదు. ఆ ఇంజనీరు కుర్రాడికి బస్టాండు పక్క జాగాలతో పనేమిటి? బొంబాయి పోయినవాడు ఇక్కడి యాసలో గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడటమేమిటి?

"డిటెక్టివ్ సారూ!" ఎదురుగా ఎస్టీడీ డబ్బాలోంచి మక్సూద్ కేకేశాడు. "మీకు ఫోనొచ్చింది!"

బిక్షమ్మ చేతిలో గరిటె కింద పడింది. యోహాను రోడ్డు దాటి, అద్దాల గూట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

"యోహానూ," అంది గొంతు. గుడ్డ అడ్డం ఉంది. "నీ నంబరు గూడ ఉన్నది నా దగ్గర. రక్తమిచ్చి పోయి మళ్ల రాలే. ఏడాదాయె, నీ రిపోర్టు నా ముంగట తెరిచి ఉన్నది. చదవాల్నా?"

అతని చెవిలో రిసీవరు బరువెక్కింది. ఏడాదిగా తను దేన్నుంచి పారిపోతున్నాడో అది ఇక్కడ, ఇంత ఇరుకు గూట్లో పట్టుకుంది. అద్దంలోంచి అవతల బిక్షమ్మ ఇటే చూస్తూ నిలబడి ఉంది.

"నల్లగొండ బస్సెక్కి పో," అంది గొంతు. "నీ సంగతి ఎవ్వరికి ఎర్క కాదు. లేకుంటె మీ చర్చి గోడ మీదనే అంటిస్త. చదవమంటవా, పోతవా?"

యోహానుకు మధ్యాహ్నం చూసి వదిలేసినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి వస్తున్నాయి. డిస్కును ముందు వట్టి చేత్తో తీసి బల్ల మీద పెట్టిన మనిషి, తన రక్తం దాని మీద పడ్డాక రుమాలుతో ఎత్తాడు. మసి అంటుతుందన్నాడు. అతని వేళ్లకు అప్పటికే మసి ఉంది. రక్తమోడుతున్న తనను ఒకనాడు వీపున మోసిన మనిషి, ఇవాళ ఒక్క చుక్కకు గోడకు అతుక్కుపోయాడు. గ్లాసును రోజూ ఎందుకు కాలుస్తావని డాక్టరు అడిగాడు. ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీసే డిటెక్టివ్ మాత్రం అడగలేదు. తెలిసినవాడు అడగడు.

ఆ తెలిసినది ఏమిటో కూడా యోహానుకు అప్పుడే తెలిసింది. రిపోర్టులో ఏమీ లేదని ఉంటే ఆ మనిషి అంత దూరం జరిగేవాడు కాదు.

అద్దానికి ఆనుకున్నాడు. సలోమీ అనుకున్నాడు లోపల. ఏడవాలనిపించింది. గొంతు మాత్రం ఎందుకో తేటగా వచ్చింది.

"సదువుడెందుకు పర్వతాలూ. పగటేల సదివినవ్ గద, రుమాలు అడ్డం పెట్టుకొని."

లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయిన చప్పుడు ఫోన్‌లో వినిపించింది. తర్వాత గుడ్డ తీసేసిన గొంతు, ఏళ్ల కిందటి గొంతు, వచ్చింది.

"అన్నా... నువ్వు రాకుండ ఉండాల్సింది. నిన్ను లాగొద్దనే అనుకున్న." వెంటనే గట్టిపడింది ఆ గొంతు. "ఇంక ఉగాది దాంక ఆగను. రేపు పొద్దుగాల బస్టాండు గోడ సూడు. ముందు నీదే అంటిస్త. తర్వాత ఆమెది."

ఫోను పెట్టేసిన చప్పుడైంది.

యోహాను రోడ్డు దాటి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. సంచిలోంచి సలోమి గ్లాసు తీసి కాసేపు చేతిలో పట్టుకుని, మళ్లీ సంచిలోనే పెట్టేశాడు.

"నీ గ్లాసుల పొయ్యి బిక్షమ్మా," అన్నాడు.

ఆమె అర్థంకానట్టు చూసింది.

"పగటేల నీ గ్లాసుకు భయపడలే నేను. నాకు గూడ ఉన్నది. గిప్పుడే ఎర్కయింది."

బిక్షమ్మ ఉన్న ఒక్క చాయ్‌ని రెండు గాజు గ్లాసుల్లోకి సగం సగం పోసి, ఒకటి అతని ముందు పెట్టి, రెండోది తీసుకుని ఎదురుగా కూర్చుంది. ఇంకొకరితో పంచుకుని చాయ్ తాగి ఎంతకాలమైందో యోహానుకు గుర్తు రాలేదు.

"రేపు పొద్దుగాల గీ గోడ మీద ముందు నా పేరే వస్తది," అన్నాడు గుటక మింగి. "అంటియ్యనికి వాడే రావాలె, ఇసొంటి పని వాడు ఇంకొకల చేతికియ్యడు. వాని కార్లనే డిస్కు ఉంటది. నా పేరు అంటిచ్చుకోనియ్యి. నీ పేరుకు చెయ్యి పోయే లోపల వాణ్ని పట్టాలె."

"నీ పేరు అందరు సదువుతరన్నా," అంది ఆమె.

"సదువనియ్యి," అన్నాడు యోహాను. "నువ్వు మాత్రం పొద్దుగాల స్టవ్వు ఎప్పటిలెక్కనే ముట్టియ్యి."